తొమ్మిదో అంకె

సూర్యుడు తూర్పు కొండల మీద ఎర్రని తల ఎత్తే వేళకు వైడూర్యపురి యువరాజు కుముదసేనుడు ఘూకాచలం ముందు గుర్రం దిగాడు. రెక్కలు ముడుచుకుని కూర్చున్న పెద్ద గుడ్లగూబలా ఉంది ఆ కొండ. కొన మీది రెండు గుహలు కళ్ళలా ఎర్రబడి పొగలు కక్కుతున్నాయి. రాళ్ళ సందుల్లో పాముల కుబుసాలు గాలికి ఊగుతున్నాయి. కొండ పాదం చుట్టూ మాత్రం గన్నేర్లు విరగబూసి ఉన్నాయి. మాంత్రికుడి కొండ అని చూసి వాన కురవడం మానలేదు మరి.

అతని వెనకే గాడిద మీద చెంగల్వ వచ్చి దిగింది. ముప్పై ఏళ్ళ నేతపడుచు. మెడలో ఎప్పుడూ రెండు మూరల నూలుపోగు వేలాడుతూ ఉంటుంది.

"దారిలో గడ్డి కనబడకపోతే నా గాడిదే ముందు వచ్చేది యువరాజా!" అంది నవ్వుతూ.

కుముదసేనుడు నవ్వలేదు. మూడు రోజులుగా అతనికి నవ్వు రావడం లేదు.

మూడు రోజుల క్రితం ఘూకాక్షుడనే మాంత్రికుడు అతని గురువు శ్రుతకీర్తి ఆచార్యులను ఆశ్రమం నుంచి ఎత్తుకుపోయాడు. ఆ మాంత్రికుడి ఆయువు ఒక పెద్ద సంఖ్యలో ఉంది. అంకెకు నూరేళ్ళ చొప్పున ఎనిమిది అంకెలకు ఎనిమిది వందల ఏళ్ళు. అవి నిండవచ్చాయి. తొమ్మిదో అంకె చెప్పమని ఆచార్యులను నిలదీశాడు. "అది లేదు నాయనా" అన్నారాయన. ఘూకాక్షుడు నమ్మలేదు. ఆయన పాదాల మీద శిలారసం పోశాడు. అది గడియ గడియకూ పైకి పాకుతోంది. ఈ రోజు సూర్యుడు అస్తమించేలోగా విడిపించకపోతే ఆచార్యులు నిలువునా రాయి అయిపోతారు.

కుముదసేనుడు కత్తి కట్టుకుని బయలుదేరుతూ ఉంటే ఆశ్రమం గోరింక ఒక తాటాకు ముక్క తెచ్చి అతని భుజం మీద వాలింది. దాని మీద గురువుగారి చేతిరాత ఒకే ఒక్క వాక్యం ఉంది: "కుముదా, చెంగల్వను వెంటబెట్టుకుని రా."

ఆ వాక్యం అతని గుండెలో ముల్లులా దిగింది. పన్నెండేళ్ళు ఆయన పాదాల దగ్గర కూర్చుని గణితం నేర్చిన శిష్యుడు తను. ఆమె ఎవరు? ఆశ్రమం గోడ పక్కన మగ్గం వేసుకుని, కిటికీలోంచి వినబడిన పాఠం వింటూ బట్ట నేసుకునే మనిషి!

మొదటి ద్వారానికి ఒక రాగిరేకు, ఒక ఉలి వేలాడుతున్నాయి. తలుపు పక్కన గోపురమంత రాతిజాడీ ఉంది. జాడీ మీద ఇలా చెక్కి ఉంది:

"ద్వారానికి ఒక్క అంకె. ముందు చెక్కిన అంకెకు కుడిపక్కనే తర్వాతిది చెక్కాలి. ఏర్పడిన సంఖ్య విరగకూడదు. ఎన్ని వరసలుగా విరిగితే అంతమంది రాతిభటులు లేస్తారు."

"విరగడమంటే సమానమైన వరసలుగా విడిపోవడం" అన్నాడు కుముదసేనుడు, పిల్లలకు చెప్పినట్టు. "నీకు అర్థం కాకపోవచ్చు."

"ఎందుకు కాదు? మేం దాన్ని ఇమిడే లెక్క, ఇమడని లెక్క అంటాం. డెబ్భై మూడు పోగులు పెట్టి చూడండి. రెండేసి పోగుల పువ్వు వేసినా, మూడేసి వేసినా, ఏ పువ్వు వేసినా ఆ చివర పోగులు మిగిలిపోతాయి. ఆ లెక్క ఇమడదు. దానితో చీర నేస్తే అత్తగారు తిడుతుంది."

"సరే, అయితే మొదట ఏ అంకె చెక్కాలో చెప్పు చూద్దాం."

"ఆరున్నొకటి" అంది చెంగల్వ.

కుముదసేనుడు పకపకా నవ్వాడు. మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు. "ఆరా? ఆరు రెండు వరసలుగానూ విరుగుతుంది, మూడు వరసలుగానూ విరుగుతుంది. పైగా ద్వారానికి ఒక్క అంకె అని రాసి ఉంటే ఆరూ ఒకటీ అని రెండు అంకెలు చెబుతున్నావు. ఇదేనా కిటికీ చదువు? నేనైతే ఏడు చెక్కుతాను!"

చెంగల్వ ముఖం చిన్నబుచ్చుకుని ఏదో అనబోయింది. ఇంతలో కొండ లోపలి నుంచి ఒక గొంతు వినబడింది. అది ఆచార్యులవారి గొంతే. నీరసంగా ఉన్నా అందులో నవ్వు ఉంది.

"కుముదా, ఆమె చెప్పిందీ ఏడే. పోగులు లెక్కపెట్టేవాళ్ళు, గింజలు కొలిచేవాళ్ళు ఆ మాట నోట రానివ్వరు. ఏడుపు వస్తుందని భయం. ఆరున్నొకటి అంటారు. శభాష్ చెంగల్వా!"

కుముదసేనుడి నవ్వు ఆగిపోయింది. ఏడు అన్నది తను. శభాష్ అందుకున్నది ఆమె! పన్నెండేళ్ళలో ఆ నోటి నుంచి ఒక్కసారి ఆ మాట వినాలని ఎన్ని రాత్రులు లెక్కలు కట్టాడు!

ఉలి తీసుకుని రాగిరేకు మీద 7 చెక్కాడు. జాడీలోంచి ఏడు గురివింద గింజలు దూకి రెండేసిగా, మూడేసిగా నిలబడి చూశాయి. ప్రతిసారీ ఒకటి మిగిలింది. ద్వారపాలకుడైన రాతిభటుడు తలుపు తెరిచాడు, మెల్లగా, ఎంతో జాగ్రత్తగా. తలుపు కీలులో ఒక పిచ్చుక గూడు కట్టుకుని ఉంది. రాతిభటుడికి దాని సంగతి తెలిసినట్టే ఉంది.

కుముదసేనుడు రాగిరేకూ ఉలీ వెంట పట్టుకుని నడిచాడు. రెండో ద్వారం వెండిది; దాని పక్కనా అలాంటి జాడీయే ఉంది. పైన నాగుల పడగలు చెక్కి ఉన్నాయి.

"మూడు వెయ్యండి యువరాజా" అంది చెంగల్వ. "డెబ్భై మూడు."

"నాకు తొమ్మిది నచ్చింది."

"డెబ్భై తొమ్మిదీ ఇమడదు లెండి. కానీ..."

"తలుపు తెరుచుకుంటే చాలు. కానీలు వద్దు."

79 చెక్కాడు. గింజలు లేచి వరసలు కట్టి చూస్తే ప్రతిసారీ కొన్ని మిగిలిపోయాయి. తలుపు తెరుచుకుంది. కుముదసేనుడు ఒక్క క్షణం ఆగి చెవి ఒగ్గాడు. కొండలోంచి ఏ గొంతూ రాలేదు.

మూడో ద్వారం దగ్గర దారి ఇరుకైంది. ఒకటి వేస్తే ఏడు వరసలు, మూడు వేస్తే పదమూడు, తొమ్మిది వేస్తే పదిహేడు. "ఆరున్నొకటి ఒక్కటే నిలుస్తుంది" అంది చెంగల్వ నెమ్మదిగా. 797 అయింది. తలుపు తెరుచుకుంది. వాళ్ళు లోపలికి అడుగుపెట్టగానే వెనక తలుపు ధడాలున మూసుకుంది. గది పైకప్పు, పళ్ళలాంటి రాతిమొనలతో, కిందికి దిగడం మొదలుపెట్టింది.

నాలుగో ద్వారం ముందు చెంగల్వ మెడలోని పోగు తీసి వేళ్ళకు చుట్టుకుంది. లెక్క కడుతూ ఉంటే పెదవులు కదులుతున్నాయి. ముఖం పాలిపోయింది.

"ఇది గుడ్డిసందు యువరాజా! ఒకటి వేస్తే మూడు వరసలుగా విరుగుతుంది. మూడు వేస్తే ఏడు వరసలు. ఆరున్నొకటి వేసినా మూడే. తొమ్మిది వేస్తే డెబ్భై తొమ్మిది వరసలు!"

"డెబ్భై తొమ్మిది మంది రాతిభటులా?"

"మిగతావి అసలే పనికిరావు. సరి అంకె వేస్తే రెండుగా విరిగిపోతుంది."

పైకప్పు కుముదసేనుడి తలపాగాను తాకింది. అతను మోకాళ్ళ మీద కూలబడి ఉలి అందుకున్నాడు. "ఎలాగూ విరగక తప్పదు కదా! రెండుగానే విరగనీ!" అంటూ 2 చెక్కాడు.

జాడీలోంచి ఏడు వేల తొమ్మిది వందల డెబ్భై రెండు గింజలు ఎర్రని జలపాతంలా దూకాయి. తళుక్కున రెండు సమానమైన వరసలై నిలబడ్డాయి. ఒక్క గింజ మిగల్లేదు. పైకప్పు ఆగి, పైకి లేచిపోయింది. గోడలు పగిలి రెండు వైపుల నుంచీ ఇద్దరు భటులు లేచారు. తాటిచెట్టంత ఎత్తు, భుజాల మీద గదలు, కళ్ళలో నిప్పులు.

కుముదసేనుడు కత్తి దూశాడు. కుడివైపు వాడి మోకాలి మీద కొట్టాడు. కత్తి ఖంగుమని మధ్యకు విరిగింది. గద విసురు గాలికే అతను పది అడుగులు దొర్లాడు. లేచి చూస్తే వింత కనిపించింది. కుడివాడు ఎడమకాలు ఎత్తితే ఎడమవాడు కుడికాలు ఎత్తుతున్నాడు. ఇతను గద తిప్పితే అతనూ తిప్పుతున్నాడు. అద్దంలో బొమ్మల్లా! సమానంగా విరిగిన సంఖ్యకు సమానమైన భటులు.

"రండిరా!" అని అరుస్తూ అతను ఇద్దరికీ సరిగ్గా నడుమ నిలబడ్డాడు. ఇద్దరూ ఒకేసారి పరుగెత్తారు. ఒకేసారి అతని మీదికి వంగి గదలు ఎత్తారు. చెంగల్వ నేల మీద పాకుతూ వచ్చి అతని చీలమండ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. కుముదసేనుడు బోర్లా పడ్డాడు. అతని నెత్తి మీదుగా రెండు గదలు రెండు రాతి తలలను ఒకేసారి తాకాయి. కొండ దద్దరిల్లింది. ఇద్దరు భటులూ ముక్కలై రాలిపోయారు.

దుమ్ము సర్దుకుంది. కూలిన భటుడి అరచేయి దోసిలిలా పైకి తిరిగి ఉంది. కప్పు చీలికలోంచి ఊరే నీరు అందులో నిండుతోంది. చెంగల్వ ఒక గుక్క తాగి, పక్కకు జరిగి చోటిచ్చింది. "చల్లగా ఉన్నాయి. తాగండి."

అతను తాగాడు. దాహం తీరింది కానీ మంట చల్లారలేదు. ఉపాయం తనది, ప్రాణం కాపాడింది ఆమె! ఇప్పుడూ గురువుగారు ఏమీ అనలేదు. ఒకవేళ అంటే ఎవరిని అనేవారు?

అంతలో, సంఖ్య విరిగింది కనుక, రాగిరేకు కూడా నిలువునా పగిలింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. తెరిచి చూస్తే ఇద్దరూ మళ్ళీ మొదటి ద్వారం ముందు ఉన్నారు. కొత్త రాగిరేకు వేలాడుతోంది. సూర్యుడు నడినెత్తి దాటి పడమటికి వాలాడు. గాడిద గన్నేరు మొక్కల జోలికి పోకుండా తెలివిగా గడ్డి మేస్తోంది.

కొండలోంచి గొంతు వచ్చింది. ఈసారి అది ముక్కలుముక్కలుగా ఉంది. "కుముదా... నడుము దాటింది... తొందరపడకు..."

తొందరపడకు! శిష్యురాలికి శభాష్, శిష్యుడికి మందలింపు!

"ఈసారి నువ్వే చెప్పు" అన్నాడు అతను పళ్ళు కొరుకుతూ.

ఏడు. డెబ్భై మూడు. ఏడు వందల ముప్పై తొమ్మిది. ద్వారాలు ఒకటి వెనక ఒకటి తెరుచుకున్నాయి. నాలుగో ద్వారంలో విషపు గాలి వీస్తే తడిబట్ట ముక్కుకు కట్టుకుని దాటారు. ఏడు వేల మూడు వందల తొంభై మూడు. అయిదో ద్వారంలో నేల జల్లెడలా కన్నాలు పడుతుంటే దూలం మీద నడిచారు. డెబ్భై మూడు వేల తొమ్మిది వందల ముప్పై తొమ్మిది. ప్రతి చోటా గింజల వరసలు పొడుగవుతున్నాయి. ప్రతి చోటా చివర కొన్ని గింజలు దిక్కులేకుండా మిగులుతున్నాయి. ఆ మిగిలినవే తమను కాపాడుతున్నాయి.

ఆరో ద్వారం ముందు చెంగల్వ ముఖం విప్పారింది. "ఇదేం చిత్రమో! ఒకటి, మూడు, ఆరున్నొకటి, తొమ్మిది, నాలుగూ ఇమడవు! ఏది వేసినా తలుపు తెరుచుకుంటుంది. తొమ్మిది వేసేద్దాం, పొద్దు పోతోంది."

ఉలి ఎత్తిన కుముదసేనుడు ఆగిపోయాడు. "తలుపు తెరుచుకుంటే చాలదు. గుడ్డిసందులో ఒకసారి పడ్డాం." అతను ఇసుక మీద నాలుగు కొమ్మలు గీశాడు. ఒక్కొక్క కొమ్మకు మళ్ళీ నాలుగు రెమ్మలు. "నేను సంఖ్య చెబుతాను. విరుగుతుందో లేదో నువ్వు చెప్పు."

అతను చెప్పాడు. ఆమె పోగు చుట్టి చూసింది. ఏడు కొమ్మ రెమ్మలన్నీ విరిగిపోయాయి. తొమ్మిది కొమ్మ రెమ్మలన్నీ విరిగిపోయాయి. మూడు కొమ్మకు రెండు రెమ్మలు నిలిచాయి కానీ వాటి చిగుళ్ళన్నీ విరిగిపోయాయి. ఒకటి కొమ్మకు ఒకే ఒక్క రెమ్మ, దానికి ఒకే ఒక్క చిగురు.

"అమ్మో! మీరు లేకపోతే తొమ్మిది వేసి ఇద్దరినీ చంపేసేదాన్ని" అంది చెంగల్వ మనస్ఫూర్తిగా. "గురువుగారు ఊరికే అనరు, ముందుచూపు మా కుముదుడిదే అని."

"ఎప్పుడన్నారు?"

"మీరు లేనప్పుడు."

అతను నమ్మలేదు. జాలిపడి కల్పించి ఉంటుంది. ఆ జాలి అసూయకన్నా ఎక్కువగా మండించింది. 739391 చెక్కి, తలుపు తోసుకుని ముందుకు సాగాడు. ఏడో ద్వారం దగ్గర మూడు. ఎనిమిదో ద్వారం దగ్గర మళ్ళీ మూడు.

73939133. ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు గింజలు!

జాడీ పొంగింది. ఎర్రని సముద్రం లేచి నిలబడింది. గింజలు రెండు వరసలయ్యాయి, మూడయ్యాయి, అయిదయ్యాయి, నూరయ్యాయి, వెయ్యయ్యాయి. ఎనిమిది వేల అయిదు వందల తొంభై ఎనిమిది వరసల దాకా కదను తొక్కుతూ, విడిపోతూ, కలుస్తూ, సంజెకాంతిలో కెంపుల తుపానులా తిరిగాయి. ప్రతిసారీ ఒకటో, పదో, వందో మిగిలాయి. ఆఖరికి అలసిపోయి అన్నీ నేలకు రాలాయి. ఎనిమిదో ద్వారం నిశ్శబ్దంగా తెరుచుకుంది.

లోపల ఆచార్యులు లేరు. ఎర్రని నున్నని తొమ్మిదో ద్వారం ఉంది. దాని మీద, పొగలో, ఘూకాక్షుడు కూర్చుని ఉన్నాడు. గుండ్రని పసుపు కళ్ళు, వేళ్ళ నిండా ఉంగరాలు.

"ఓరి రాకుమారా! ఎనిమిది వందల ఏళ్ళలో ఇక్కడి దాకా వచ్చింది మీరిద్దరే. తొమ్మిదో అంకె చెప్పు. నీ గురువును తీసుకుపో."

"లేదు" అన్నాడు కుముదసేనుడు. "సరి అంకెలు వేస్తే రెండుగా విరుగుతుంది. సున్నా వేసినా అంతే. అయిదు వేస్తే అయిదుగా. ఈ ఎనిమిది అంకెలూ కూడితే ముప్పై ఎనిమిది. ఒకటి చేర్చితే ముప్పై తొమ్మిది, ఏడు చేర్చితే నలభై అయిదు. రెండూ మూడుగా విరిగేవే, కాబట్టి ఆ సంఖ్యలూ మూడుగా విరుగుతాయి. ఇక మూడు, తొమ్మిది."

చెంగల్వ అప్పటికే కళ్ళు మూసుకుంది. పోగు ఆమె వేళ్ళ మీద చాలాసేపు నడిచింది. కళ్ళు తెరిచి తల అడ్డంగా ఊపింది. "ఆ రెండూ ఇమిడిపోతాయి. నీ సంఖ్యకు ఇంక తోక లేదయ్యా. ఇంతే దాని పొడవు."

మాంత్రికుడి ముఖం నల్లబడింది. ఎనిమిది వందల ఏళ్ళ ఆశ ఒక నేతపడుచు తల ఊపుతో పోయింది. క్షణం తర్వాత అతని పెదవుల మీద నవ్వు పాకింది.

"సరే! ఓడిపోయాను. ఈ తలుపు అంకె లేకుండానే తెరుస్తాను. కానీ ఒక్కరికే. మీ గురువు ఎవరి పేరు పిలిస్తే వారు లోపలికి వెళ్ళి ఆయన్ను తెచ్చుకోవచ్చు."

ఎర్రని తలుపు మధ్యకు చీలి తెరుచుకుంది. లోపల చీకటి. గోడ చీలికలోంచి చూస్తే సూర్యబింబం పడమటి కొండ అంచున వేలెడు మిగిలింది. కుముదసేనుడు ఒక అడుగు ముందుకు వేశాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన పేరు!

గొంతు వచ్చింది. శిలారసం కంఠానికి చేరినట్టుంది. ఒక్కొక్క మాటకూ ఊపిరి కూడదీసుకుంటున్నారు.

"చెంగల్వా..."

మూడు రోజుల మంట ఒక్కసారిగా భగ్గుమంది. "నువ్వు కాదు! ఈసారి నువ్వు కాదు!" చెంగల్వను పక్కకు తోసి, విరిగిన కత్తి ఒక చేత, రాగిరేకు ఒక చేత పట్టుకుని, కుముదసేనుడు చీకట్లోకి దూకాడు.

గాల్లో ఉండగానే అతనికి ఒక సంగతి తట్టింది. ఆ గొంతు ఈ ద్వారం లోపలి నుంచి రాలేదు. పైనుంచి వచ్చింది, కొండ కళ్ళలాంటి ఆ గుహల్లోంచి.

వెనక గురువుగారి మాట పూర్తయింది.

"...వాణ్ణి పట్టుకో తల్లీ! అది వాకిలి కాదు, నోరు! వాడికేమైనా అయితే... నేను బతికి..."

మాట అక్కడ తెగిపోయింది. "యువరాజా!" అని చెంగల్వ పెట్టిన కేక ఆ వెంటే వచ్చి, మూసుకుంటున్న పళ్ళ మధ్య నలిగిపోయింది. వెలుతురు సన్నని గీతై, ఆరిపోయింది.

కుముదసేనుడి కాళ్ళ కింద నేల తడిగా, వెచ్చగా ఉంది. అది మెల్లగా పైకి లేచి, లోపలివైపు ఒరిగింది.